పన్నీరు బొమ్మ చెయ్యి

జూలై 2, బుధవారం

రెసిన్ అమ్మే ఏజెంటు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్లూ షెడ్డులో మాబాషా దీని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు, అట్ట మీద గుండ్రటి మరకలు. ఈ రోజు నుంచి పని సంగతులు రాద్దామని తీశాను. పని సంగతులు మాత్రమే.

ఆళ్లగడ్డ నుంచి ఉమాశంకర్ కొత్త ఫైలు పంపాడు. ఆదిశేషయ్య శెట్టి ఫంక్షన్ హాలు గేటు ముందు నిలబెట్టే పన్నీరు బొమ్మ. నిలువెత్తు ఆడమనిషి. ఒక చేతిలో పన్నీరు బుడ్డి, రెండో చెయ్యి 'రండి' అన్నట్టు చాచి ఉంటుంది. గేటుకు అటొకటి ఇటొకటి జత కావాలి. శ్రావణం పెళ్లిళ్లకు ముందే నిలబెట్టాలని శెట్టి తొందర.

ఉమాశంకర్ రాళ్లు చెక్కే ఇంట్లో పుట్టి మట్టికి దిగాడు. మట్టితో బొమ్మ చేసి, దాని చుట్టూ స్కానరు తిప్పి, మెష్ చేసి పంపుతాడు. మెష్ అంటే సన్నటి త్రికోణాలతో అల్లిన వల, అంతే. స్కానరు చూపు అందని చోటల్లా ఆ వలకు చిల్లు. చంకలో చిల్లు, గడ్డం కింద చిల్లు. ఎన్నిసార్లు మొత్తుకున్నా ఒకటే మాట: "నువ్వు పూడ్చుకుంటావ్‌లే ముస్తఫన్నా." ముస్తఫన్న ఉన్నది అతని చిల్లులు పూడ్చడానికే.

పూడ్చాక దాన్ని కంప్యూటర్‌లో, క్యాడ్‌లో దిమ్మెలోకి దించి, రెండు ముక్కల అచ్చు గీస్తాను. మెషీన్ కోస్తుంది. మాబాషా అందులో ఫైబర్ పరిచి, రెసిన్ పోసి బొమ్మ తీస్తాడు. నంద్యాలలో ఈ పని ఇంత శుభ్రంగా చేసేవాడు ఇంకొకడు లేడు. నా డైరీ కాబట్టి రాసుకోవచ్చు.

జూలై 3, గురువారం

చాచిన చేతికి చిటికెన వేలు వంకర.

జూలై 5, శనివారం

వంకర వేళ్లు లోకంలో లక్ష ఉంటాయి. నాకు తెలుసు.

కానీ ఇది పై కణుపు దగ్గర పక్కకు తిరిగి, ఉంగరం వేలి మీదికి ఒరిగింది. కణుపు దగ్గర శనగగింజంత ఉబ్బు. మా ఆవిడ జబీనా వేలు అచ్చం ఇంతే. టీచర్ ట్రైనింగు రోజుల్లో బస్సు కిటికీ షట్టరు దాని మీద పడింది. నాటు కట్టు కట్టించుకుంటే వంకరగానే అతుక్కుంది. పెళ్లిలో మెహందీ పెట్టినావిడ ఆ వేలి దగ్గరికి వచ్చి తికమకపడిందని ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

జబీనా పనిచేసే బడి ఆళ్లగడ్డలో. రోజూ పొద్దున మా పాప షమాను వెంటబెట్టుకుని బస్సెక్కుతుంది, షమా కూడా ఆ బళ్లోనే రెండో తరగతి. ఉమాశంకర్ కూతురు జబీనా పాఠం చెప్పే క్లాసులోనే. ఇది నాకు జబీనానే చెప్పింది. దాచేదుంటే చెప్పదు కదా. లేక దాచడానికే ముందుగా చెప్పిందా?

నాకు అనుమానం లేదు. అనుమానం పెనుభూతం అంటారు, నాకు భూతాల మీద నమ్మకం లేదు. సందేహం వేరు. సందేహం లేనివాడు అచ్చులు చెయ్యలేడు.

జూలై 6, ఆదివారం

పొద్దున షమాను తీసుకుని మొహర్రం పీర్లను చూసి వచ్చాను. ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిస్తే షమా నా భుజం మీద గడ్డం ఆనించి చూస్తోంది. బొమ్మ ముఖం చూసి ఏమీ అనలేదు. నేను చెయ్యి దగ్గరికి తెచ్చాను.

"అమ్మీ చెయ్యి!" అంది.

నేనేమీ చెప్పలేదు. నేను నోరు విప్పలేదు. ఏడేళ్ల పిల్ల తనంతట తాను అంది. ఇది రాసి పెట్టుకోవాలి.

జూలై 8, మంగళవారం

షెడ్డులో మాబాషాను మామూలుగా అడిగినట్టు అడిగాను, "బొమ్మకు వేలు వంకరగా ఉండేది ఏ చేతికి? కుడికే కదా?"

"కుడంటే ఏందప్పా, బొమ్మ కుడా, మన కుడా?" అన్నాడు. "ఎదురుగ నిలబడితే దాని కుడి మనకు ఎడమ. అచ్చులో బోర్లేస్తే మళ్లీ తిరగబడ్తాది. ఏ కుడి గావాల్నో జెప్పు."

బొమ్మ కుడే. సరిచూసుకున్నాను. మరి జబీనాది?

ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. నాకు గుర్తు రాలేదు. పదేళ్లు ఒక కప్పు కింద ఉన్న మనిషి. ఆ వేలు వంకర తెలుసు, దాని ఉబ్బు తెలుసు, చలికాలంలో అది సలుపుతుందని తెలుసు. ఏ చేతికో తెలియదు. సాయంత్రం ఆమె చపాతీలు వత్తుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. పిండి అంటిన చేతులు ముందుకీ వెనక్కీ పోతున్నాయి, వేలు కనపడి చావదు.

ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. కోపం వస్తే జబీనా తెలుగులోకి దిగుతుంది. పిల్లల్ని అదిలించే బడి తెలుగు.

"ఏందట్ల జూస్తాండావ్? పెనం దించేదానికి వస్తివా, ఊరికే నిలబడేదానికా?"

పెనం దించాను. ఆమె చేతులు కడుక్కుంటుంటే వేలు కనపడింది. ఎడమ చెయ్యి. బొమ్మది కుడి, ఈమెది ఎడమ. చాలు. బేకరీకి పోయి దిల్‌పసంద్ తెచ్చాను. ఏం విశేషమని అడిగింది. ఏమీ లేదన్నాను. హాయిగా ఉంది.

జూలై 11, శుక్రవారం

జతలో రెండో ఫైలు వచ్చింది. మొదటిదాన్ని అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తిప్పి పంపాడు. ఇందులో వంకర వేలు ఎడమ చేతికి ఉంది.

రెండింట్లో ఏది అసలు, ఏది అద్దం?

జూలై 12, శనివారం

తెలిసింది. రెండో ఫైల్లో మణికట్టు దగ్గర త్రికోణాలు పెద్దవి చేసి చూశాను. ఒంటి మీద ఉన్న త్రికోణాలు ఒకరకం, చేతి మీద ఉన్నవి వేరే రకం. మధ్యలో సన్నటి అతుకు. ఆ చెయ్యి మట్టి బొమ్మతోపాటు స్కాన్ చేసింది కాదు. వేరే చోట నుంచి తెచ్చి తగిలించాడు. మట్టి బొమ్మకు తన చెయ్యి తనకు ఉంటుంది కదా, ఇంకొకటి తగిలించడం ఎందుకు? బతికున్న మనిషి చెయ్యి చాపి కూర్చుంటే తప్ప అలాంటి చెయ్యి రాదు.

జబీనాది ఎడమ. అంటే ఎడమదే అసలు. దాన్ని తిప్పి నాకు మొదట కుడిది పంపాడు. నేను పట్టుకోలేననుకున్నాడు.

ఫోన్ చేశాను. నవ్వుతూనే అడిగాను.

"ఆ చాచిన చెయ్యి బాగొచ్చిందప్పా, యాడిది?"

"పాతదేన్నా. మన దగ్గరుండేదే."

"మన దగ్గరా?"

"అవున్నా. మంచి చెయ్యి గదా, ఇడ్సిపెట్టబుద్ధి గాలే."

మన దగ్గరుండేదే. ఈ 'మన'లో ఎవరెవరున్నారు? మా దగ్గర అని ఉంటే అతని దగ్గర అనుకునేవాణ్ని. మన అన్నాడు. నన్ను కలుపుకుని మన అన్నాడా, ఇంకొకరిని కలుపుకుని మన అన్నాడా? మంచి చెయ్యట. విడిచిపెట్టబుద్ధి కాలేదట!

జూలై 14, సోమవారం

జబీనా చెప్పుల మీద తెల్లటి రాతి పొడి.

ఆళ్లగడ్డ రోడ్డంతా శిల్పులే, బస్సు దిగిన ప్రతివాడి చెప్పుల మీదా రాతి పొడి ఉంటుందని నాకు తెలుసు. నా చెప్పుల మీద కూడా ఉంటుంది. అయినా తుడిచి, వేళ్ల మధ్య నలిపి చూశాను. రాతి పొడే. ఎవరి షెడ్డు పొడో మాత్రం చెప్పదు.

జూలై 15, మంగళవారం

జబీనా ఆలస్యంగా వచ్చింది. శిరివెళ్ల దగ్గర బస్సు ఆగిపోయిందట. బస్సులు ఆగిపోతుంటాయి.

షమాను వేరేగా అడిగాను. శిరివెళ్ల దగ్గర బస్సు ఆగిపోయిందనే చెప్పింది. ఇద్దరూ ఒకే మాట, ఒకే రకంగా.

జూలై 17, గురువారం

శెట్టి అచ్చులు ఎంతవరకు వచ్చాయని ఫోన్ మీద ఫోన్. కరెంటు సమస్య అని చెప్పి ఆళ్లగడ్డ పోయాను. జబీనాకు చెప్పలేదు. బడి ఎదురుగా జిరాక్స్ అంగడి పందిరి కింద నిలబడ్డాను. అంగడతను రెండుసార్లు ఏం కావాలని అడిగితే ఆధార్ కార్డు జిరాక్స్ తీయించాను. ఇంకాసేపు నిలబడాల్సి వచ్చి ఇంకొకటి తీయించాను.

బడి వదిలారు. ఉమాశంకర్ బండి మీద వచ్చాడు, కూతురి కోసం. జబీనా గేటు దాకా వచ్చింది. ఏదో చెప్పింది. చెబుతూ ఎడమ చెయ్యి పైకెత్తి వేళ్లు విప్పి చూపించింది. అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

ఇంట్లో అలా నవ్వి ఎన్నాళ్లయింది?

బస్సులో నా ముందు సీటావిడ బిడ్డకు పాలిస్తుంటే కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కళ్లు మండుతున్నాయి. దుమ్ము.

జూలై 19, శనివారం

ఈ రోజుది రాయక తప్పదు.

ఎడమ చేతి బొమ్మ అచ్చు కోత పూర్తయింది. రెండు ముక్కలూ బల్ల మీద వెల్లకిలా ఉన్నాయి. అచ్చులో బొమ్మ లోపలికి ఉంటుంది, అరచెయ్యి ఉండాల్సిన చోట అరచేతంత గుంట. మధ్యాహ్నం బడి వదిలాక జబీనా షమాతో నేరుగా షెడ్డుకొచ్చింది. మాబాషా షమాను బిస్కెట్ల అంగడికి తీసుకుపోయాడు.

"జబీనా, ఇందులో చెయ్యి పెట్టు."

"ఎందుకు?"

"ఊరికే. సైజు చూస్తా."

ఆమె బ్యాగు పక్కన పెట్టి, నవ్వుతూనే కుడి చెయ్యి చాపింది.

"ఆ చెయ్యి కాదు. ఎడమది."

ఎడమ చెయ్యి గుంటలో పెట్టింది. నాలుగు వేళ్లకు కొంచెం వదులుగానే ఉంది. చిటికెన వేలు మాత్రం వంకరతో సహా దాని గాడిలో పడుకుంది. కణుపు దగ్గరి ఉబ్బుకు దాని చిన్న గుంట సరిపోయింది.

ఆమె చెయ్యి తీయలేదు. వేలినే చూసింది. తర్వాత నన్ను చూసింది. నవ్వు పోయింది. పాఠం రాని పిల్లవాణ్ని చూసినట్టు చాలాసేపు చూసింది.

"అందుకా ఇన్ని దినాలూ గుమ్మాల కాడ నిలబడేది?" తెలుగులో అడిగింది. "చెప్పుల దుమ్ము తుడిచేది? షమాను యేరేగా అడిగేది?"

"ఉమాశంకర్ దగ్గరికి నీ చెయ్యి ఎట్ల పోయింది? అదొక్కటి చెప్పు."

"నాకేం దెల్సు? నాకు దెల్సింటే నీకు జెప్పకుండా ఉంటానా? ఆయప్ప కూతురు అయిదో ఎక్కం దప్పిస్తాందని వేళ్లు జూపిచ్చి జెప్తి మొన్న. అదీ తప్పేనా?"

మొన్న అనగానే, నేను చూసింది ఆమెకు తెలిసిపోయిందేమోననుకున్నాను. అంత మాటలోనూ నేను ఆలోచించింది అది.

"పదేండ్లయ్యింది," అంది. "ఏ చెయ్యో గూడ అచ్చును అడిగి తెలుసుకుంటాండావ్."

ఆ మాట ఎలా అనగలిగిందో నాకు అర్థం కాలేదు. ఏ చెయ్యో గుర్తు లేదని నేను ఎవరికీ చెప్పలేదే.

జూలై 20, ఆదివారం

జబీనా షమాను తీసుకుని ఆళ్లగడ్డలో వాళ్లమ్మ దగ్గరికి పోయింది. బడికి దగ్గర, రోజూ వచ్చిపోయే బాధ ఉండదు అంది. హమీదాబీ అత్త ఒక్కతే ఉంటుంది, తోడు అవుతుంది అంది. అన్నీ సరైన కారణాలే. అన్నీ తెలుగులోనే చెప్పింది.

ఉమాశంకర్ ఉండేది కూడా ఆళ్లగడ్డే. రాస్తున్నానంతే.

జూలై 22, మంగళవారం

క్యాడ్‌లో ఆ వేలు పట్టుకుని నిటారుగా చేశాను. ఉబ్బు గీకి పడేశాను. ఇప్పుడది ఎవరి చెయ్యీ కాదు. చెయ్యి వరకు అచ్చు మళ్లీ కోయించాను. కళ్ల ముందు ఆ వేలు లేకపోతే మనసు కుదుట పడుతుందనుకున్నాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. షమా గోడకు అంటించిన స్టిక్కర్లు చూస్తూ టీ తాగాను, చల్లారిపోయింది.

జూలై 24, గురువారం

అచ్చు విప్పేటప్పుడు వేలు పుటుక్కున విరిగి గాడిలోనే ఉండిపోయింది. మాబాషా చిన్న ఉలితో దాన్ని గీకి తీస్తూ నన్ను తిట్టాడు. నాకంటే పెద్దవాడు, తిట్టొచ్చు.

"నీకేమన్నా మతి పోయిందాప్పా? వేలు యిడిగా నిక్కబొడుసుకోని ఉంటే అచ్చు ఇడుస్తాదా? పోయినేడు బట్టలంగడి లక్ష్మమ్మ బొమ్మకు ఇట్లనే ఇరిగిపాయ గదా? అప్పుడు నువ్వే గదా వేలు వంచితివి, పక్కేలి మీదికి?"

"నేనా?"

"నువ్వు గాక నేనా? ఇరగకుండా వస్తాందని ఆ చెయ్యినే ఉమాశంకరుకు పంపిస్తివి, ఇంగ ఇదే వాడుకోమని. ఆ పొద్దుకాణ్ణుంచి వచ్చే ఆడబొమ్మలన్నిటికీ అదే చెయ్యి. నా చేతుల మీద పోసినవే అరడజనుంటాయి. నీకు కనపడల్యా?"

బయటికి పోయి నిలబడ్డాను. లోపలికొచ్చి పాత ఫైళ్లు తెరిచాను.

ఉంది. లక్ష్మి, వరమిచ్చే ఎడమ చెయ్యి. ఉమాశంకర్ పంపిన అసలు ఫైల్లో చిటికెన వేలు నిటారుగా, అందంగా ఉంది. దాని పక్కనే నేను దిద్దిన ఫైలు. పై కణుపు దగ్గర పక్కకు తిరిగి, ఉంగరం వేలి మీదికి ఒరిగిన వేలు. మణికట్టు వరకు కోసి విడిగా దాచింది కూడా నేనే. ఉమాశంకర్‌కు పంపిన మెసేజ్ ఫోన్‌లో ఇంకా ఉంది: 'ఇకమీదట మనం ఈ చెయ్యే వాడుకుందాం.'

మనం. నేనే రాశాను.

జూలై 25, శుక్రవారం

వేలు వంచింది అచ్చు కోసం. వంచితే సందు మూసుకుపోతుంది, అచ్చు సులభంగా విడుస్తుంది. అది పని.

ఆ ఉబ్బు ఎందుకు పెట్టాను? అచ్చుకు దాంతో అవసరం లేదు. ఉన్నా లేకున్నా బొమ్మ అలాగే ఊడి వస్తుంది. ఎవరూ అడగలేదు, ఎవరికీ కనపడదు. మౌసు పట్టుకుని కూర్చుని శనగగింజంత ఉబ్బు తీర్చిదిద్దాను.

ఆ రోజు జబీనా ఎదురుగా కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుతోందని, ఆ చెయ్యి చూస్తూ చేశానని రాయాలని ఉంది. నాకు గుర్తు లేదు. లేనిది రాయను. వేలు వంకరగా చేద్దామనుకున్నాను, చెయ్యి దానంతటదే ఆ వంకర చేసింది. నాకు తెలిసిన వంకర అదొక్కటే. ఏ చేతిదో తెలియనివాడికి ఆ వేలు ఇంత బాగా ఎలా తెలుసు?

ఏడ్చాను. మాబాషా నమాజుకు పోయినప్పుడు. అతను తిరిగొచ్చి నా ముఖం చూసి, రెసిన్ వాసనకు కళ్లు మండుతాయి కిటికీ తెరుచుకోమన్నాడు.

వేలు మళ్లీ వంచాను. ఉబ్బు కూడా.

జూలై 27, ఆదివారం

లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆళ్లగడ్డ పోయాను. హమీదాబీ అత్త మంచినీళ్లు ఇచ్చి లోపలికి పోయింది. షమా వచ్చి ఒళ్లో కూర్చుంది. జబీనా గడప అవతల చాట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. ఎడమ చెయ్యి చాట మీద ఉంది.

లక్ష్మి బొమ్మ ఫైళ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. జరిగింది చెప్పాను. జిరాక్స్ అంగడి సంగతి కూడా చెప్పాను. ఉమాశంకర్‌కు ఏమీ తెలియదని, అతని మీద అనుకున్నదంతా నా బుర్రలో పుట్టిందేనని చెప్పాను. క్షమించమన్నాను.

జబీనా స్క్రీను వైపు వంగి ఆ ఉబ్బును చూసింది. తన వేలు మీద బొటనవేలితో ఒకసారి తడుముకుంది.

"ఇది గూడ నువ్వే పెట్టినావా?"

"నేనే."

"చేసింది నువ్వే. చూసి గుర్తుపట్టింది నువ్వే," అంది. గొంతు పెంచలేదు. "మీ ఇద్దరి మధ్యల నేనేం జేసినా?"

షమా కీబోర్డు మీద వేలు పెట్టబోతే పట్టుకున్నాను.

"నా వేలు నీకింత గుర్తున్నందుకు సంతోషపడాల్నా? బొమ్మకు పెట్టేటప్పుడు ప్రేమ, నాకు ఉండేటప్పుడు అనుమానం. ఏమప్పా నాయమిది?"

లాప్‌టాప్ మూత ఆమెనే మూసింది. నెమ్మదిగా, విరగకుండా. బస్సు టైమయితాంది, పో అంది. షమా వీధి చివరిదాకా వచ్చి చెయ్యి ఊపింది.

జూలై 30, బుధవారం

శెట్టి గేటు ముందు రెండు బొమ్మలూ నిలబెట్టాం. బంగారు రంగు కొట్టారు. శెట్టి చుట్టూ తిరిగి చూసి, ముక్కులు బాగున్నాయన్నాడు. చేతుల వైపు చూడనేలేదు.

ఉమాశంకర్ వచ్చాడు. అతని ముఖం చూడలేక బోల్టులు బిగిస్తున్నట్టు వంగి ఉన్నాను.

"అన్నా, కర్నూలు నుంచి ఇంగో జత అడుగుతాండారు. మన చెయ్యే పెట్టేదా?"

"ఆగప్పా. అడిగి చెప్తా."

"ఎవర్నన్నా?"

"ఆ చెయ్యి ఎవరిదో ఆమెను."

అతను బొమ్మ చెయ్యి చూశాడు, నన్ను చూశాడు. "ఎవరిదో ఒకరిదా అది? నువ్వు గీసిందనుకుంటి," అన్నాడు.

జూలై 31, గురువారం

బడి వదిలే వేళ దాటాక జబీనాకు ఫోన్ చేశాను. ఎత్తదనుకున్నాను. ఎత్తింది.

విషయం చెప్పాను. ఇంకో జతకు అడుగుతున్నారు, నీ చెయ్యి వాడుకోవచ్చా, వద్దంటే వేరేది చేస్తాను.

"అడిగేది ఇప్పుడు నేర్సుకున్యావా?" అంది. తెలుగులోనే. కొంచెం ఆగి, ఆలోచించి చెప్తానంది. షమాకు నోటుపుస్తకాలు కావాలంది. అత్తకు మోకాళ్ల నొప్పులంది. ఎప్పుడొస్తావని నేను అడగలేదు. అంతా తెలుగులోనే సాగింది, సరేనంటే సరేనని ఇద్దరం అనుకున్నాం.

ఫోన్ పెట్టేస్తుందనుకునేలోగా ఆమె మాట ఉర్దూలోకి తిరిగింది.

"ఖానా ఖాయే?"

తిన్నానని అబద్ధం చెప్పబోయి, ఇంకా లేదని చెప్పాను.